ఈస్టర్ ఏ రోజు? పలక మీద ఒక లెక్క

(కాజీపేటలో సండే స్కూలు టీచర్లు, ఉపదేశులు, కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

క్రిస్మస్ ఎప్పుడంటే ఒకటో తరగతి పిల్లలు కూడా డిసెంబర్ 25 అని చెప్తారు. ఈస్టర్ ఎప్పుడంటే పెద్దవాళ్లం కూడా గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తాం. 2024లో మార్చి 31న వచ్చింది. 2025లో ఏప్రిల్ 20. 2026లో ఏప్రిల్ 5. 2027లో మార్చి 28. భస్మ బుధవారం, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, పెంతెకోస్తు, అన్నీ దాని వెంటే ముందుకూ వెనక్కూ జరుగుతాయి.

నాకు ఇచ్చిన అంశం క్రైస్తవ వేదాంతం, ఆధునిక విజ్ఞానం. పాకాల చెరువంత అంశం అది. ఒక పూటలో చెరువంతా ఈదలేం గనుక, ఒక్క తూము దగ్గర నిలబడి నీళ్లు ఎట్లా పారుతున్నాయో చూద్దాం. ఆ తూము ఈ ఈస్టర్ తేదీ. సంఘం తన అతి ముఖ్యమైన పండుగను పదిహేడు వందల ఏళ్లుగా సూర్యుణ్ని, చంద్రుణ్ని అడిగి జరుపుకుంటోంది. విశ్వాసానికీ సైన్సుకూ పడదని చెప్పేవాళ్లు, రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు, ఇద్దరూ ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి.

ముందు చంద్రుడి సంగతి. నిర్గమకాండం 12వ అధ్యాయం పస్కా గొర్రెపిల్లను మొదటి నెల పద్నాలుగో రోజు సాయంత్రం వధించమంటుంది. యూదుల నెల నెలవంకతో మొదలవుతుంది. నెలవంక నుంచి పద్నాలుగో రోజంటే మన లెక్కలో పున్నమి పూట. యేసు సిలువ మరణం పస్కా పండుగ రోజుల్లోనే జరిగిందని నాలుగు సువార్తలూ చెప్తాయి. అంటే ఆ వారం ఆకాశంలో నిండు చంద్రుడు ఉన్నాడు.

ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. సిలువ నాడు మధ్యాహ్నం మూడు గంటలపాటు చీకటి కమ్మిందని చదువుతాం. అది సూర్యగ్రహణమేననీ, సైన్సు కూడా ఒప్పుకుందనీ కొందరు ప్రసంగాల్లో చెప్తున్నారు. సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతుంది. పంచాంగం చూసే ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. పున్నమి నాడు భూమికి ఒక పక్క సూర్యుడు, ఎదురు పక్క చంద్రుడు. చంద్రుడు సూర్యుడికి అడ్డం రావడానికి వీల్లేదు. పైగా సంపూర్ణ గ్రహణం ఒక చోట ఏడున్నర నిమిషాలకు మించి ఉండదు, మూడు గంటలు ఎక్కడిది? మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత ఈ మాట ఎత్తి చూపాడు. వాక్యానికి సాయం చేద్దామని తప్పు ఖగోళశాస్త్రం తెచ్చి ఆనిస్తే, రేపు అది జారినప్పుడు వాక్యం కూడా పడిపోయినట్టు పిల్లలకు కనిపిస్తుంది.

ఇక నియమానికి వద్దాం. క్రీస్తుశకం 325లో బిషప్పులు కూడిన నైకయా సభ, సంఘాలన్నీ పునరుత్థాన పండుగను ఒకే ఆదివారం జరుపుకోవాలని తీర్మానించింది. లెక్క కట్టే బాధ్యత ఎక్కువగా అలెగ్జాండ్రియా మీద పడింది, ఆ రోజుల్లో ఖగోళ గణితానికి పేరున్న ఊరు అదే. చివరకు స్థిరపడ్డ నియమం ఇది: మార్చి 21న (పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుగా తీసుకున్న తేదీ అది) గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి పట్టుకోవాలి, ఆ పున్నమి దాటాక వచ్చే మొదటి ఆదివారం ఈస్టర్. పున్నమే ఆదివారం పడితే పై ఆదివారానికి పోవాలి.

వినడానికి ఒక వాక్యమే. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఇందులో మూడు గడియారాలున్నాయి, ఏదీ ఇంకోదానితో కలవదు. సూర్యుడి ఏడాది 365.2422 రోజులు. పున్నమి నుంచి పున్నమికి సగటున 29.5306 రోజులు. వారం 7 రోజులు. పన్నెండు పున్నములు కలిపితే 354 రోజులే. ఏడాదికి 11 రోజులు తక్కువ పడతాయి.

ఈ 11 రోజుల తంటా మనకు కొత్త కాదు. మన అధిక మాసం పుట్టింది దానికోసమే. 2023లో అధిక శ్రావణం వచ్చింది, జూలై 18న మొదలై ఆగస్టు 16తో ముగిసింది. పందొమ్మిదేళ్లు వెనక్కి పోయి 2004 పంచాంగం తీయండి. అప్పుడూ అధిక శ్రావణమే, అదే జూలై 18, అదే ఆగస్టు 16. కారణం ఏమిటంటే 19 సౌర సంవత్సరాలు అంటే 6939 రోజుల 14 గంటల పైచిలుకు. 235 చాంద్రమాసాలు అంటే 6939 రోజుల పదహారున్నర గంటలు. తేడా రెండు గంటలే. పన్నెండు నెలల చొప్పున 19 ఏళ్లకు 228, దానికి 7 అధిక మాసాలు కలిపితే 235. ఈ చక్రం బాబిలోనియా వాళ్లకు తెలుసు, ఏథెన్స్‌లో క్రీస్తుపూర్వం 432లో మెటన్ ప్రకటించాడు. సంఘం దీన్ని వాళ్ల దగ్గర్నుంచే తీసుకుంది. తీసుకోవడానికి సిగ్గుపడలేదు, ఎవరు కనిపెట్టారని అడ్డు చెప్పలేదు. ఆ గుణం నాకు చాలా గొప్పగా తోస్తుంది.

ఇప్పుడు పలక మీద 2027 లెక్క చేద్దాం. మీరూ నోట్‌బుక్కులు తీయండి. ఈ పద్ధతి 1900 నుంచి 2099 వరకు పనిచేస్తుంది.

మొదట, 2027ను 19తో భాగించండి. 19 నూటారులు 2014. శేషం 13. ఆ శేషాన్ని 19తో హెచ్చించండి, 247. దానికి 24 కలపండి, 271. దాన్ని 30తో భాగిస్తే శేషం 1. మార్చి 21కి ఆ 1 కలపండి. మార్చి 22. అదే పస్కా పున్నమి. 2027 మార్చి 22 సోమవారం. తర్వాతి ఆదివారం మార్చి 28. అయిపోయింది.

ఈ 19, 24 మంత్రాలు కావు. పున్నమి ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతుంది. ముప్పై రోజుల చక్రంలో 11 వెనక్కి పోవడమంటే 19 ముందుకు పోవడమే. అందుకే 19తో హెచ్చించాం. 24 అన్నది చక్రం మొదటి ఏడాదిలో పున్నమి ఎక్కడుందో చెప్పే అంకె: మార్చి 21 మీద 24 రోజులు, అంటే ఏప్రిల్ 14.

ఇంకొకటి, 2025. శేషం 11. పందొమ్మిది పదకొండ్లు 209, 24 కలిపితే 233, 30తో భాగిస్తే శేషం 23. మార్చి 21 మీద 23 రోజులంటే ఏప్రిల్ 13. ఆ రోజే ఆదివారం! అందుకే పండుగ ఏప్రిల్ 20కి పోయింది. మన ఊళ్లో చైత్ర పౌర్ణమికి హనుమాన్ జయంతి జరిగింది ఏప్రిల్ 12న. పున్నమి తిథి 13 తెల్లవారుజాము దాకా ఉంది. ఒకే చంద్రుడు, రెండు లెక్కలు, ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి. ఈస్టర్ ఎప్పుడూ మన ఫాల్గుణ పున్నమి వెనకో, చైత్ర పున్నమి వెనకో వస్తుంది.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. చివరి శేషం 29 వస్తే 28 అని తీసుకోవాలి. 28 వచ్చి, మొదటి శేషం 11 గానీ అంతకు ఎక్కువ గానీ ఉంటే, 27 అని తీసుకోవాలి. ఇది మర్చిపోతే 19 ఏళ్లలో రెండుసార్లు పున్నమి ఒక రోజు తప్పుతుంది. ఆ పున్నమి శనివారం పడే ఏడాదైతే పండుగ ఏకంగా వారం జరిగిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మనం చేసిన ఈ లెక్క, అంటే సంఘం వాడే పున్నముల పట్టిక, ఎప్పుడైనా ఆకాశంతో విభేదిస్తుందా? విభేదిస్తుంది. 2019 చూడండి. సూర్యుడు విషువత్తు దాటింది మన టైము ప్రకారం మార్చి 21 తెల్లవారి మూడున్నరకు. పున్నమి నిండింది అదే ఉదయం ఏడుంబావుకు. దాదాపు నాలుగు గంటల తేడాతో పున్నమి విషువత్తు తర్వాతే వచ్చింది. అదే రోజు హోలీ ఆడాం. ఆకాశాన్నే నమ్ముకుంటే ఈస్టర్ మార్చి 24 కావాలి. కానీ జరిగింది ఏప్రిల్ 21న. పట్టిక ప్రకారం ఆ పున్నమి మార్చి 20న పడింది, మార్చి 21 గీతకు ఒక్క రోజు ముందు. దాంతో పై పున్నమి, అంటే ఏప్రిల్ 18, పట్టుకోవాల్సి వచ్చింది. పట్టిక సగటు చంద్రుణ్ని లెక్కిస్తుంది, నిజం చంద్రుడు ఒక్కోసారి వేగంగా, ఒక్కోసారి నెమ్మదిగా నడుస్తాడు. పట్టికలో విషువత్తు మార్చి 21కి మేకు కొట్టి ఉంది, ఆకాశంలో అది అటూ ఇటూ కదులుతుంది. తప్పు ఎక్కడుందో, ఎంతుందో తెలిసిన పట్టిక ఇది. తెలిసిన తప్పుతో పని చేయొచ్చు. తెలియని తప్పే ప్రమాదం.

తెలియకుండా పెరిగిన తప్పు ఒకటుంది. 1582 దాకా యూరప్‌లో వాడిన పాత జూలియన్ క్యాలెండర్ ఏడాదిని 365 రోజుల 6 గంటలు అనుకుంది. అసలు ఏడాది 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు. తేడా 11 నిమిషాల పైచిలుకు. ఒక మనిషి జీవితకాలంలో కంటికి ఆనదు. 128 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. నైకయా సభ నాటి నుంచి 1582 దాకా 1257 ఏళ్లు. 128తో భాగించండి, దాదాపు 10 రోజులు. క్యాలెండర్ మార్చి 21 అంటుంటే సూర్యుడు పది రోజుల కిందే విషువత్తు దాటి పోయాడు. చంద్రుడి పట్టిక కూడా 300 ఏళ్లకు ఒక రోజు చొప్పున జారింది. ఇంకో రెండు మూడు వేల ఏళ్లు వదిలేస్తే ఈస్టర్ ఎండాకాలం నడిమిట్ల పడేది.

గ్రెగరీ 13 పోపు దీన్ని ఒక నిపుణుల కమిటీకి అప్పగించాడు. పద్ధతి కాలాబ్రియాకు చెందిన వైద్యుడు లీలియస్‌ది, అది అమలయ్యేసరికి ఆయన చనిపోయాడు. దాన్ని వివరించి, సమర్థించి, విమర్శలకు జవాబులు రాసింది జెస్యూట్ గణితవేత్త క్రిస్టఫర్ క్లావియస్. 1582 అక్టోబర్ 4 గురువారం తర్వాత అక్టోబర్ 15 శుక్రవారం అన్నారు. పది తేదీలు తీసేశారు, వారాల వరుస మాత్రం తెగనివ్వలేదు. నాలుగు వందల ఏళ్లలో మూడు లీపు రోజులు మానేశారు: 1700, 1800, 1900 లీపు సంవత్సరాలు కావు, 2000 అయింది. ఇప్పుడు మిగిలిన తేడా ఏడాదికి 27 సెకన్లు. ప్రొటెస్టెంట్ దేశాలు పోపు మాట వినడమా అని మొండికేశాయి. ఇంగ్లండ్ 1752 దాకా ఆగింది. సూర్యుడు మాత్రం ఏ శాఖవాడని ఎవరినీ అడగలేదు.

ఇక్కడ ఒక్క మాట. క్రైస్తవమే సైన్సును పుట్టించిందని కొందరు గొప్పగా చెప్తారు. అది న్యాయం కాదు. చక్రం బాబిలోనియా, గ్రీకులది. క్లావియస్ లెక్కలు కట్టిన అంకెలు, సున్నాతో సహా, మన దేశం నుంచి అరబ్బుల మీదుగా పోయినవి. సంఘం చేసిన పని వేరే. ఖచ్చితమైన కొలత కావాలని శతాబ్దాల తరబడి పట్టుపట్టింది, ఆ పనికి మనుషుల్ని పెట్టింది, పోషించింది. అది చిన్న పనేం కాదు.

ఆ పట్టుదల ఎంతదాకా పోయిందంటే, చర్చి కట్టడాన్నే కొలత పరికరంగా మార్చారు. ఇది కొంచెం వివరంగా చెప్తాను, మీరు చేసి చూడగలిగింది గనుక.

ఇటలీలో బొలోన్యా అనే ఊళ్లో సాన్ పెట్రోనియో చర్చి ఉంది. 1655లో ఖగోళవేత్త జొవాన్ని దొమెనికో కస్సిని దాని కప్పులో 27.07 మీటర్ల ఎత్తున ఒక రంధ్రం పెట్టించాడు. రంధ్రం వెడల్పు ఎత్తులో వెయ్యో వంతు, అంటే 27 మిల్లీమీటర్లు. నేల మీద ఉత్తర దక్షిణాలుగా దాదాపు 67 మీటర్ల గీత పరిపించాడు. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణోత్తర రేఖ దాటే క్షణాన వెలుగు బిళ్ల ఆ గీత మీద పడుతుంది. వేసవిలో సూర్యుడు ఎత్తున ఉంటాడు కాబట్టి బిళ్ల రంధ్రం కిందికి దగ్గరగా, 10 మీటర్ల దూరంలో పడుతుంది. డిసెంబర్‌లో 67 మీటర్ల దూరం పోతుంది. విషువత్తు రోజుల్లో బిళ్ల రోజుకు 36 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే ఒక సెంటీమీటరు తేడా పట్టగలిగితే విషువత్తు క్షణాన్ని 40 నిమిషాల లోపు చెప్పొచ్చు. ఎత్తైన చర్చిలే ఎందుకు కావాల్సి వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఎత్తు పెరిగితే అడుగు పెరుగుతుంది.

కస్సిని అక్కడితో ఆగలేదు. బిళ్ల వెడల్పు ఏడాది పొడుగునా కొలిచాడు. సూర్యుడి నడక గురించిన పాత సిద్ధాంతం ప్రకారం జనవరికీ జూలైకీ సూర్యబింబం వెడల్పు పద్నాలుగో వంతు దాకా మారాలి. ఖగోళవేత్త కెప్లర్ ప్రకారం అందులో సగమే మారాలి. నేల మీద కొలిస్తే ముప్పయ్యో వంతు దగ్గర తేలింది. కెప్లర్ గెలిచాడు. భూమి తిరుగుతుందని ఇది రుజువు చేయలేదు, ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. గ్రహగతి మీద కెప్లర్ చెప్పిన ఒక ముఖ్యమైన సవరణను ఇది నిలబెట్టింది. కెప్లర్ లూథరన్. ఆ ఊరు పోపు పాలనలో ఉంది. భూమి తిరుగుతుందన్నందుకు గెలీలియోకు శిక్ష పడి అప్పటికి 22 ఏళ్లే.

ఇదే మన దగ్గర చేస్తే? వరంగల్ అక్షాంశం 18 డిగ్రీలు. కాబట్టి లెక్కలు మారతాయి. రంధ్రం 10 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. వెడల్పు 10 మిల్లీమీటర్లు. విషువత్తు నాడు వెలుగు బిళ్ల రంధ్రం కింది బిందువుకు ఉత్తరాన 3 మీటర్ల 25 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. డిసెంబర్ 21, 22 తేదీల్లో 8 మీటర్ల 83 దగ్గర. జూన్ 21న సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి పోతాడు, బిళ్ల దక్షిణం వైపు 95 సెంటీమీటర్లు వస్తుంది. బొలోన్యాలో ఇది ఎన్నడూ జరగదు. మేలో ఒకసారి, జూలై ఆఖర్న ఒకసారి సరిగ్గా రంధ్రం కిందే పడుతుంది, నీడ లేని రోజులంటామే అవే. బిళ్ల మామూలుగా 10, 11 సెంటీమీటర్లుంటుంది. డిసెంబర్‌లో ఏటవాలుగా పడి సాగుతుంది, అడ్డం 13, పొడవు 17 సెంటీమీటర్ల పైనే.

ఎక్కడ తప్పుతుందో చెప్తాను. మందపాటి స్లాబులో రంధ్రం వేస్తే అది సొరంగమైపోయి ఏటవాలు ఎండను మింగేస్తుంది. పల్చటి రేకులో రంధ్రం చేసి, ఆ రేకును మట్టంగా బిగించాలి. రంధ్రం కింది బిందువును మేస్త్రీ వాడే తూకం గుండుతో దించాలి, ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి. గుండును నూనె గిన్నెలో ముంచితే ఊగకుండా తొందరగా నిలబడుతుంది. నేల మట్టం కంటితో నమ్మొద్దు, లెవెల్ పైపు పట్టండి. ఉత్తర దిక్కుకు దిక్సూచి వద్దు, స్లాబులోని ఇనుము దాన్ని లాగుతుంది. ఆరుబయట కర్ర నిలబెట్టి, చుట్టూ వృత్తం గీసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం తర్వాత ఒకసారి కర్ర నీడ కొన వృత్తాన్ని తాకిన చోట్లు గుర్తుపెట్టి వాటి నడిమి దిశ పట్టండి. మన స్థపతులు గుడి కట్టేముందు శంకువుతో దిక్కులు పట్టిన పద్ధతి ఇదే. గడియారం పన్నెండు కొట్టినప్పుడు కొలిస్తే తప్పే. మన రైల్వే టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం 79.6 దగ్గర ఉన్నాం. నడి మధ్యాహ్నం మనకు సగటున 12 గంటల 12 నిమిషాలకు వస్తుంది. నవంబర్ మొదట్లో 12 కన్నా ముందే, ఫిబ్రవరిలో 12:26కు. ఇక కట్టడం కుంగితే గీత తప్పుతుంది. సాన్ పెట్రోనియోలో నలభై ఏళ్లకే, 1695లో, గీతను మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

ఇప్పుడు గెలీలియో. ఆ కేసు చెప్పకుండా ఈ అంశం ముగించడం నిజాయితీ కాదు. క్లావియస్ క్యాలెండర్ వచ్చిన 34 ఏళ్లకే, 1616 మార్చి 5న, అదే రోము నుంచి, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకాన్ని సవరించేదాకా ఆపేయాలని ఉత్తర్వు వచ్చింది. 1633 జూన్ 22న గెలీలియో మోకరిల్లి తన మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. భూమి కదలకుండా స్థిరపడిందన్న 104వ కీర్తన, సూర్యుణ్ని నిలిచిపొమ్మన్న యెహోషువ పదో అధ్యాయం ఆయనకు వ్యతిరేకంగా నిలబెట్టారు.

1615లో కార్డినల్ బెల్లర్మిన్ రాసిన ఉత్తరం ఉంది. భూమి తిరుగుతుందని నిజమైన రుజువు దొరికితే ఆ వాక్యాలను జాగ్రత్తగా మళ్లీ అర్థం చేసుకోవాలి, రుజువైనదాన్ని అబద్ధం అనేకన్నా మాకు వాక్యం అర్థం కాలేదనడం మేలు అన్నాడు. అట్లాంటి రుజువు తనకెవరూ చూపలేదని కూడా అన్నాడు. సూత్రం బాగుంది. రుజువు లేదన్నదీ ఆనాటికి నిజమే. గెలీలియో తన బలమైన సాక్ష్యంగా సముద్రపు ఆటుపోట్లను చూపాడు, అది తప్పు. ఆ లెక్కన పోటు రోజుకు ఒకసారే రావాలి, సముద్రంలో రెండుసార్లు వస్తుంది. భూమి కదలికకు నేరుగా సాక్ష్యం 1720ల చివర్లో ఖగోళవేత్త బ్రాడ్లీకి దొరికింది, భూమి కదలడం వల్ల నక్షత్రం దిశలో కనిపించే మార్పు 1838లో బెస్సెల్ కొలిచాడు.

అయితే రుజువు కాని విషయాన్ని తెరిచి ఉంచాలి. ఉత్తర్వుతో మూసేశారు, తప్పు అక్కడ జరిగింది. ఈస్టర్ విషయంలో పండుగ ఎందుకన్నది వాక్యాన్ని అడిగారు, ఏ రోజన్నది సూర్యచంద్రులను అడిగారు. ఆదికాండం మొదటి అధ్యాయం పద్నాలుగో వచనం చెప్పేదీ అదే కదా, జ్యోతులు కాలాలనూ దినాలనూ సంవత్సరాలనూ సూచించడానికి ఉన్నాయని. గెలీలియో విషయంలో కీర్తనను కొలబద్ద చేశారు. దాని ధర చాలా కట్టాల్సి వచ్చింది. నిషేధం 1758లో సడలింది, ఆ పుస్తకాల పేర్లు నిషేధ జాబితా నుంచి పోయేసరికి 1835. సంఘం తప్పును పోపు జాన్ పాల్ 2 బహిరంగంగా ఒప్పుకున్నది 1992లో.

బాధ ఏమిటంటే, దారి అప్పటికే తెలుసు. సంఘ పండితుడు అగస్టీన్ ఐదో శతాబ్దంలోనే ఆదికాండం వ్యాఖ్యానంలో హెచ్చరించాడు: భూమి గురించి, నక్షత్రాల గురించి అవిశ్వాసికి బాగా తెలిసిన చోట క్రైస్తవుడు లేఖనం పేరుతో తప్పు మాట్లాడితే, అతను పునరుత్థానం గురించి చెప్పేది ఎవరు నమ్ముతారని. ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ 1554లో రెండు గొప్ప జ్యోతుల (సూర్యచంద్రుల) వచనం దగ్గర ఆగి, శని గ్రహం చంద్రుడికన్నా పెద్దదని ఖగోళవేత్తలు చూపారు, నిజమే, మోషే మామూలు మనిషి కంటికి కనబడే తీరులో రాశాడు అన్నాడు. ఖగోళశాస్త్రం నేర్చుకోవాలంటే ఇంకో చోటికి పొమ్మన్నాడు. సండే స్కూల్లో ఈ వచనం చెప్పేటప్పుడు ఈ మాట పిల్లలకు చెప్పండి. పదో తరగతిలో వాళ్లు నలిగిపోకుండా ఉంటారు.

ఇంకో వైపు గుంత కూడా ఉంది. బెల్జియం ప్రీస్టు జార్జ్ లెమెత్ర్ 1927లో విశ్వం వ్యాకోచిస్తోందని సమీకరణాలతో చూపాడు, 1931లో అంతా ఒక్క ఆదిమ అణువు నుంచి మొదలైందని ప్రతిపాదించాడు. 1951 నవంబర్‌లో పోపు పయస్ 12 ఇది సృష్టికి సాక్ష్యంలాగా ఉందన్నట్టు ప్రసంగించాడు. సంతోషపడాల్సిన లెమెత్ర్ ఇబ్బంది పడ్డాడు. భౌతికశాస్త్రం చెప్పే మొదలు వేరు, దేవుడు సృష్టించాడనే మాట వేరు. మొదటిది రేపు కొత్త పరిశీలనతో మారొచ్చు. రెండోది ఈ క్షణం కూడా సమస్తం ఆయన మీద ఆధారపడి ఉందని చెప్తుంది. 1952లో రోములో ఖగోళవేత్తల సభలో పోపు ఆ వాదన మళ్లీ ఎత్తలేదు.

నాసా కంప్యూటర్లు యెహోషువ నాటి తప్పిపోయిన రోజును కనిపెట్టాయని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అది కట్టుకథ, నాసానే కాదంది. కారణం మీరే చెప్పగలరు ఇప్పుడు. వెనక్కి లెక్క కట్టే యంత్రం ఈరోజు ఉన్న స్థానాల నుంచి వెనక్కి పోతుంది. మధ్యలో ఒక రోజు ఆగిందని తెలియాలంటే అంతకుముందు ఎవరో గడియారంతో సహా రాసిపెట్టిన స్థానం ఒకటి దానికి అందాలి. అట్లాంటిది లేదు. నిజం కాని దానితో దేవుణ్ని మహిమపరచలేం, దయచేసి ఫార్వర్డ్ చేయొద్దు.

(శ్రోతల్లోంచి ప్రశ్న: కంప్యూటర్లున్న ఈ రోజుల్లో పాత పట్టిక ఎందుకండి? నేరుగా ఆకాశం లెక్కే పెట్టుకోవచ్చు కదా?)

పెట్టుకోవచ్చు. 1997లో సిరియాలోని అలెప్పోలో వివిధ సంఘాల ప్రతినిధులు సరిగ్గా ఇదే ప్రతిపాదించారు: నైకయా నియమం ఉంచుదాం, విషువత్తునూ పున్నమినీ ఖగోళ లెక్కతో తీద్దాం, యెరూషలేము రేఖాంశం వాడదాం. రేఖాంశం ఎందుకంటే, ఇందాకటి 2019 పున్నమి మనకు 21న నిండింది, అదే క్షణం న్యూయార్క్‌లో ఇంకా 20వ తేదీ. ఒక ఊరిని ఎంచుకోకపోతే మళ్లీ రెండు ఈస్టర్లు. ఆ ప్రతిపాదన అమలు కాలేదు. ఆర్థొడాక్స్ సంఘాలు చాలావరకు పాత జూలియన్ పట్టికే వాడతాయి, 2026లో వాళ్ల పండుగ ఏప్రిల్ 12. 2025లో మాత్రం అందరికీ ఏప్రిల్ 20నే. ఇక పట్టికకు ఒక సుగుణముంది: టెలిస్కోపు లేని పల్లెలో ఉపదేశి కూడా యాభై ఏళ్ల ముందటి తేదీని బలపంతో తీయగలడు. మీరిప్పుడు తీశారు.

(ప్రశ్న: మా చర్చి కప్పుకు రంధ్రం పెట్టనివ్వరు. చిన్నగా చేసే వీలుందా?)

కప్పు ముట్టుకోవద్దు, వానకు కారుతుంది. దక్షిణం వైపు ఎండ పడే వరండా చాలు. 3 మీటర్ల ఎత్తున రేకు బిగించి 3 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. చుట్టూ గోనెపట్టాలు కట్టి చీకటి చేయండి. విషువత్తు గీత రంధ్రం కింది బిందువు నుంచి ఉత్తరాన 97.5 సెంటీమీటర్ల దగ్గర. బిళ్ల 3 సెంటీమీటర్లుంటుంది, అంచులు మసకగా ఉంటాయి గనుక రెండు అంచులూ గుర్తుపెట్టి మధ్య తీసుకోండి. 2027 మార్చి 10 నుంచి రోజూ 12:19 ప్రాంతంలో గుర్తు పెట్టండి, మొదట్లో రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా. గుర్తులు రోజుకు 2.3 సెంటీమీటర్ల చొప్పున మీ వైపు, అంటే రంధ్రం కిందికి, జరుగుతూ వస్తాయి. మబ్బు పట్టిన రోజు వదిలేయండి, ఊహించి గుర్తు పెట్టొద్దు. విషువత్తు ఆ ఏడాది మార్చి 21 తెల్లవారుజామున 1:55కు. కాబట్టి మీ 97.5 గీత 20వ తేదీ గుర్తుకూ 21వ తేదీ గుర్తుకూ నడుమ పడాలి, 20వ తేదీ గుర్తు నుంచి 1.3 సెంటీమీటర్ల దగ్గర. అక్కడ పడకపోతే ముందు తూకం గుండు, తర్వాత మట్టం మళ్లీ చూడండి. 22 సాయంత్రం మేడ మీదికెక్కండి. పడమర పొద్దు గుంకే వేళకే తూర్పున చంద్రుడు లేస్తాడు. ఇందాక మనం శేషం 1 అని తీసిన పున్నమి అదే.